మేపుల్ పాకము – పుట్టుపూర్వోత్తరములు

చెట్టునుండి తీపిని తీయుట తెలుగువారికి క్రొత్త విద్య కాదు. గోదావరి మండలమున తాటిబెల్లమును, తమిళనాట కరుప్పట్టిని, ఒడిశా పల్లెలలో ఈతబెల్లమును ఎరుగనివారు మన పెద్దలలో అరుదు. మోకు కట్టుకొని చెట్టెక్కుట, గెలకొనను గీయుట, రసము పులియకుండ కుండలోపల సున్నము పూయుట, దించిన రసమును తెల్లవారుజామున పొయ్యిమీద పెట్టుట – ఈ పనులు మన నేలలో తరతరములనుండి వచ్చుచున్నవి.

ఈ గుణము ఉష్ణదేశముల వృక్షములకే పరిమితము కాదు. భూగోళమునకు ఆవలివైపున, మంచు కప్పిన అడవులలో, ఆకులన్నియు రాల్చి మోడువలె నిలిచిన ఒక మ్రాను చలికాలపు చివర తీపినీరు కార్చును. దాని పేరు మేపుల్. ఆ నీటిని కాచి దింపిన పాకమే నేడు లోకమంతట అమ్ముడుపోవుచున్న మేపుల్ సిరప్. ఉత్తర అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలును దీని రుచి మరగినవారే. సెలవులకు వచ్చునపుడు తాతలకును అమ్మమ్మలకును ఒక సీసా తెచ్చి యిచ్చుట కలదు. ఆ చెట్టు ఆకునే కెనడా దేశము 1965 ఫిబ్రవరి 15వ తేదీన తన పతాకముమీద నిలుపుకొన్నది. కాని ఆ పాకమును మొదట వండిన జనుల పేరు సీసామీద సాధారణముగా కానరాదు. ఆ జనులెవరు, వారి విద్య ఇతరుల చేతికెట్లు పోయినది, వారికి నేడేమి మిగిలినది అనునవి విచారింపదగిన విషయములు.

మ్రాను – దాని రసము

మేపుల్ జాతి వృక్షములు ఉత్తరార్ధగోళమున అనేక దేశములలో పెరుగును. వానిలో పాకమునకు ప్రశస్తమైనది చక్కెర మేపుల్. వృక్షశాస్త్రజ్ఞులు దానిని ఏసర్ సకారమ్ అందురు. కెనడా దేశపు ఆగ్నేయ భాగమునను, అమెరికా సంయుక్త రాష్ట్రముల ఈశాన్య భాగమునను, మహాసరోవరముల చుట్టుపట్లను ఇది విస్తారముగా పెరుగును. ఎఱ్ఱ మేపుల్ అను భేదమునుండియు రసము తీయుదురు గాని దానిలో తీపి కొంత తక్కువ.

వేసవిలో ఆకులు సిద్ధపరచిన ఆహారమును చెట్టు పిండిరూపమున కొయ్యలో దాచుకొనును. చలికాలమున ఆ పిండి చక్కెరగా మారును. ఫిబ్రవరి చివరనుండి ఏప్రిల్ వరకు, రాత్రి నీరు గడ్డకట్టునంత చలియు, పగలు మంచు కరగునంత వెచ్చదనమును వెంటవెంట వచ్చు దినములలో రసము కదలును. రాత్రి చలికి కాండములోని వాయువు ముడుచుకొనును; లోపల మంచు ఏర్పడి, చెట్టు వేళ్లనుండి నీటిని పైకి లాగుకొనును. పగటి వెచ్చదనమునకు మంచు కరగి, వాయువు వ్యాపించి, లోపలి ఒత్తిడి హెచ్చును. అపుడు కాండమునకు చిన్న రంధ్రము చేసినచో రసము బొట్లుబొట్లుగా వెలికి వచ్చును. రాత్రి గడ్డకట్టనినాడును, పగలు కరగనినాడును ధార నిలిచిపోవును. మొగ్గలు విచ్చు వేళకు రసపు రుచి చెడును; దానితో ఋతువు ముగియును. ఏటేట 4 మొదలు 6 వారములకు మించని పని యిది.

మన తాటికిని ఈ మ్రానుకును గల భేదము గమనింపదగినది. తాటిలో తీపి గెలనుండి వచ్చును. మేపుల్‌లో కాండపు కొయ్యనుండియే వచ్చును. తాటిరసమున నూటికి 10 మొదలు 12 పాళ్ల చక్కెర యుండగా, మేపుల్ రసమున ఇంచుమించుగా 2 పాళ్లు మాత్రమే. కంటికి అది వట్టి నీరే; నాలుకమీద మాత్రము లేత తీపి తోచును. కావుననే 40 కడవల రసము కాచినగాని ఒక కడవ పాకము దిగదు. తక్కిన 39 కడవలును ఆవిరియై పోవలసినదే.

ఇంత పలుచని రసమును తీయుటలోను ఒక కట్టుబాటు కలదు. సుమారు 40 ఏండ్లు పెరిగి, అడ్డుకొలత 10 అంగుళములకు వచ్చినగాని చెట్టునకు రంధ్రము చేయరు. రంధ్రపు లోతు 2 అంగుళములకు మించనీయరు. ఒక రంధ్రమునుండి ఋతువంతటికి సుమారు 40 లీటర్ల రసము, అనగా ఒక లీటరు పాకము వచ్చును. ఆ గాయమును చెట్టు క్రమముగా తానే పూడ్చుకొనును. మరుసటి యేడు దానికి దూరముగా వేరొకచోట తొలువవలెను. ఇట్లు మితము పాటించినచో ఒక్క చెట్టే నూరేండ్లకు పైగా రసమిచ్చుచుండును. ఆశకు పోయినచో చెట్టే పోవును.

మొదట వండినవారు

ఈ అడవులు అనిషినాబే, హోడెనోషోనీ, మిక్‌మా మొదలగు ఆదిమజాతుల స్వస్థానములు. అనిషినాబేలలో ఒక పెద్ద శాఖవారు ఒజిబ్వేలు. వీరినే ఆంగ్ల పత్రములు చిప్పెవాలని పేర్కొనును. హోడెనోషోనీలను ఫ్రెంచివారు ఇరోక్వాలనిరి.

చలికాలపు వేటలు ముగిసి, మంచు కరగ నారంభింపగనే ఒజిబ్వే కుటుంబములు తమ తమ మేపుల్ తోటలకు తరలిపోయెడివి. ఏ తోట ఏ కుటుంబముదో అందరికి తెలిసిన సంగతియే. తోటపనిలో పెత్తనము ఎక్కువగ స్త్రీలది. కాండమునకు గాటు పెట్టి, కొయ్యతో చెక్కిన తూము దిగగొట్టి, దాని క్రింద బూర్జచెట్టు పట్టను మడిచి కుట్టిన దొన్నెవంటి పాత్రను ఉంచెడివారు. ఇనుప పాత్రలు రాకమునుపు రసమును చిక్కబరచుటకు రెండు మార్గములు చెప్పబడుచున్నవి. ఎఱ్ఱగ కాల్చిన రాళ్లను కొయ్యతొట్టిలోని రసమున వేసి మరిగించుట యొకటి. రసమును రాత్రి ఆరుబయట నుంచి, పైని గడ్డకట్టిన మంచును తెల్లవారి తీసి పారవేయుట రెండవది. నీరు గడ్డకట్టును, చక్కెర అడుగున మిగిలిన రసములో నిలుచును గదా! మట్టిపాత్రలలో కాచుటయు కలదందురు.

వారు పాకముతోనే ఆపక చక్కెరవరకు కాచెడివారు. చక్కెర ఏడాది పొడుగున నిలువ యుండును, మోసికొనిపోవుట సులభము. ముదురుపాకమును కొయ్యతొట్టిలో పోసి తెడ్డుతో నలియబెట్టినచో పొడిచక్కెర అగును. అచ్చులలో పోసినచో బెల్లపు దిమ్మలగును. మంచుమీద ధారగా పోసినచో జిగురుగా సాగు మిఠాయి అగును. అది పిల్లల భాగము. పొడిచక్కెరను మకక్ అను పట్టపెట్టెలలో నింపి దాచెడివారు. ఉప్పు వాడుక లేని ఆ వంటలలో అడవివరికిని, చేపకును, మాంసమునకును రుచినిచ్చునది ఈ చక్కెరయే. మందులలో కలుపుటకు, చుట్టములకు కానుక యిచ్చుటకు, వర్తకులతో మారకము చేయుటకును అదియే. ఏటి తొలి చక్కెరను నైవేద్యముగా సమర్పింపక నోట వేసికొనెడివారు కారు. హోడెనోషోనీలు నేటికిని వసంతారంభమున మేపుల్ వృక్షమునకు కృతజ్ఞత తెలుపు ఉత్సవమును జరుపుకొనుచున్నారు.

అనిషినాబేలలో ఒక కథ తరతరములుగా చెప్పుకొనబడుచున్నది. పూర్వము చెట్టునుండి చిక్కని పాకమే కారుచుండెనట. జనులు వేట మాని, పంట మాని, చెట్లక్రింద వెల్లకిల పండుకొని నోట పాకము పట్టుకొనుచుండిరట. వెనబోజో అను దివ్యపురుషుడు ఆ సోమరితనమును చూచి, చెట్లపై నీరు కుమ్మరించి పాకమును పలుచబరచెను. నాటినుండి కట్టెలు కొట్టి, నిప్పు చేసి, రాత్రింబవళ్లు కాచినవారికే తీపి దక్కుచున్నది. 40 కడవలకు ఒక కడవ యేల యను ప్రశ్నకు ఆ జాతివారు చెప్పుకొన్న సమాధానమిది.

మాటలలో దాగిన విద్య

ఒజిబ్వే భాషలో ఈ పని జరుగు నెల పేరు ఇస్కిగమిజిగె గీజిస్. గీజిస్ అను పదమునకు చంద్రుడనియు, మాసమనియు రెండర్థములు కలవు. మన ‘నెల’ అను మాటకువలెనే. పని జరుగు తోటకు ఇస్కిగమిజిగన్ అని పేరు. ఈ పదములను విడదీసి చూచినచో ఇంకిపోవుట, ద్రవము, వేడి అను మూడు భావములు ఒకదానివెంట ఒకటి అమరియుండును. ద్రవమును వేడిచేత ఇంకించుట యను పనియంతయు ఆ క్రియాపదమునందే యున్నది. ఆ భాష నేర్చిన బిడ్డ ఆ మాటతోపాటే వంట విధానమును నేర్చును.

చక్కెరకు వారి మాట జీన్‌జిబాక్వద్. రసమునకు జీన్‌జిబాక్వద్వాబూ, అనగా చక్కెరనీరు. తరువాతి కాలమున వర్తకుల అంగళ్లకు చెఱకు చక్కెర వచ్చినపుడు దానికిని క్రొత్త పేరు వెదకుకొనలేదు. మేపుల్ చక్కెర పేరే దానికిని చెల్లినది. వచ్చినది అతిథి, ఇల్లు పాతవానిదే.

లోహపు పాత్రలు లేని కాలమున ఆదిమజాతులు చక్కెరవరకు కాచిరా, లేక రసము త్రాగి, కొంత చిక్కబరచి విడిచిరా యను విషయమున పండితులలో చిరకాలముగా వాదము నడచినది. ఐరోపావారు తెచ్చిన రాగి, ఇనుప బానలవలన పని విస్తరించుట నిజమే. కాని చెట్టును గుర్తించుట, ఋతువు నెరుగుట, రసము తీయుట అను మూలవిద్య ఆదిమజాతులదని యందరును అంగీకరించిన విషయము. ఐరోపావారి తొలి వ్రాతలే అందుకు సాక్ష్యము.

ఫ్రెంచి న్యాయవాది మార్క్ లెస్కార్బో 1606–07లో అకాడియా ప్రాంతమున నివసించి, 1609లో ప్రకటించిన గ్రంథమున, అక్కడి జనులు చెట్లనుండి తీపినీరు తీసికొందురనియు, తాను దానిని రుచి చూచితిననియు వ్రాసెను. 1685లో లండన్ రాయల్ సొసైటీ పత్రికయందు కెనడాలోని మేపుల్ చక్కెరను గూర్చి ఒక వృత్తాంతము అచ్చుపడినది. జెసూట్ మతగురువు లాఫిటో 1724లో ప్రకటించిన గ్రంథమున ఆదిమజాతి స్త్రీలు రసము పట్టుచు, కాచుచు నుండు చిత్రమును ముద్రింపించెను. ఫ్రెంచి స్త్రీలు ఈ విద్యను వారివలననే నేర్చి వారికంటె బాగుగా చేయుచున్నారని ఆయన వ్రాత. శిష్యులు గురువును మించిరను ఆ మాటలోనే గురువెవరో తేలిపోయినది. 1763లో అలెగ్జాండర్ హెన్రీ అను ఆంగ్ల వర్తకుడు మహాసరోవరముల చెంత ఆదిమజనులతో కలిసి తోటలో నుండి, ఏప్రిల్ నెలయంతయు చక్కెరయే తమకు ముఖ్యాహారమైనదని తన యాత్రాగ్రంథమున తెలిపినాడు.

దాస్యము లేని చక్కెర

పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపా, అమెరికాలు తినిన చెఱకు చక్కెర కరీబియన్ దీవులనుండి వచ్చెడిది. ఆ తోటలలో ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలు గానుగల చెంతను, బానల చెంతను రాలిపోవుచుండిరి. దాస్యమును ఏవగించుకొన్న క్వేకర్ మతస్థులకు మేపుల్ చక్కెర ఒక ధర్మమార్గముగా కనబడినది. ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్ 1791లో థామస్ జెఫర్సన్‌కు వ్రాసిన దీర్ఘలేఖలో మేపుల్ చెట్టు చరిత్రను, చక్కెర చేయు పద్ధతులను వివరించి, దీనిని వ్యాపింపజేసినచో బానిసల చెమటతో పండిన చక్కెర అక్కరలేకపోవునని వాదించెను. క్వేకర్ వర్తకుడు హెన్రీ డ్రింకర్ మిత్రులతో కూడి పెన్సిల్వేనియా ఉత్తర భాగమున అడవి కొని మేపుల్ చక్కెర పరిశ్రమ పెట్టెను. జెఫర్సన్ 1791లో వెర్మాంట్ ప్రాంతమున పర్యటించి, మేపుల్ మొక్కలను తెప్పించి వర్జీనియాలోని తన యెస్టేటున నాటించెను.

ఈ ప్రయత్నములు నిలువలేదు. డ్రింకర్ పరిశ్రమ కొలది యేండ్లలో మూతపడినది. జెఫర్సన్ నాటిన మొక్కలు వర్జీనియా నేలలో తోటగా ఎదుగలేదు. చెఱకు ఏడాదిలో కోతకు వచ్చును; మేపుల్ 40 ఏండ్లు అడుగును. కావలసిన వాతావరణము మనుష్యుని చేతిలో లేదు. బానిసశ్రమతో చౌకబారిన చెఱకు చక్కెరతో ధరలో పోటీపడుట కష్టము.

ఈ కథలో మరి రెండు సంగతులు మరువరానివి. దాస్యము లేని చక్కెరను కొనియాడిన జెఫర్సన్ తన జీవితకాలమున 600 మందికి పైగా బానిసలకు యజమాని. ఇక న్యూయార్క్ ప్రాంతమున వలసవారికి దక్కిన మేపుల్ అడవులు అంతకు కొలది యేండ్ల క్రిందటివరకు హోడెనోషోనీలవి. 1779లో జనరల్ సల్లివన్ సేనలు వారి గ్రామములను సుమారు 40 తగులబెట్టినవి. పొలములను, పండ్లతోటలను నరికినవి. ఒకరి దాస్యమును తప్పింపవలెనన్న సదుద్దేశము ఇంకొకరి నేలమీద నిలిచినది. రష్ మొదలగువారి మనసు మంచిది కాదనుటకు వీలులేదు; కాని ఆ విద్య యెవరిదో వారికి యేమి దక్కవలెనను ప్రశ్న నాడు ఎవరికిని తట్టలేదు.

తర్జుమాలో జారిన చెట్టు

1837 జూలైలో, నేటి మిన్నెసోటా రాష్ట్రమందలి ఫోర్ట్ స్నెల్లింగ్ చెంత, ఒజిబ్వే పెద్దలకును విస్కాన్సిన్ మండల గవర్నరు హెన్రీ డాజ్‌కును నడుమ సంధి సంభాషణలు జరిగెను. ప్రభుత్వమునకు కావలసినది కలప. కోటి ఎకరములకు పైబడిన నేల ఆ దినములలో చేతులు మారినది. మాఘెగాబో అను వక్త లేచి, పటముచెంత ఒక ఓక్ కొమ్మను ఉంచి, ఇచ్చుచున్న దేశములో తమకు బ్రతుకునిచ్చు చెట్టును, తాము నీరు త్రాగు వాగులను నిలుపుకొనగోరుచున్నామను భావముగ మాటలాడెను.

ఆ మాట దుబాసీల నోట ఆంగ్లమునకు వచ్చునప్పటికి అయోమయమైనది. సంభాషణలను వ్రాసికొనుచున్న కార్యదర్శి వాన్ ఆంట్‌వెర్ప్ ఆ వాక్యములు అర్థరహితముగా నున్నవనియు, దుబాసీలు ఆ పనికి తగినవారు కారనియు గుర్తు వ్రాసెను. అయినను ఆయన ఒక ఊహ చేసెను: ఆ జనులు వేట, చేపల పట్టు, మేపుల్ చెట్లనుండి చక్కెర చేసికొను హక్కులను నిలుపుకొనగోరుచున్నారు కాబోలునని. ఊహ కాగితముమీద నిలిచినది. కాని సంధిపత్రపు అయిదవ అధికరణమున వేటయు, చేపలు పట్టుటయు, అడవివరి కోతయు మాత్రమే పేర్కొనబడినవి. మేపుల్ పేరు లేదు.

ఒక భాషవారి మాట మరొక భాషలోనికి పోవునపుడు నడుమనున్నవాడు తడబడినచో పోవునది యెంతయో ఈ యొక్క సంఘటన చూపును. తరువాతి 150 ఏండ్లు అడవి కంపెనీలవియు, ప్రభుత్వములవియు అయ్యెను.

పరిశ్రమగా ఎదుగుట

వలసవారి చేతులలో పాకపు పని క్రమముగా మారినది. తొలుత పెద్ద ఇనుపబానలను బయట నెగళ్లపై వ్రేలాడగట్టి కాచెడివారు. 1858లో ఒహాయో రాష్ట్రమున డి. ఎం. కుక్ అను నతడు వెడల్పైన చదునుబానకు హక్కుపత్రము పొందెను. దానిలో రసము అడ్డుగోడల నడుమ మెలికలు తిరుగుచు ప్రవహించి, పోవుకొలది చిక్కబడును. ఒకవైపున నీరు పోయుచుండగా మరొకవైపున పాకము దిగును. అంతట చక్కెరయిండ్లు కట్టబడినవి. ఆవిరి పోవుటకు పైకప్పు నడుమ తెరపు విడుచుట వాని లక్షణము. క్యుబెక్ ఫ్రెంచివారికి అట్టి యింటికి వసంతమున బంధువులతో కూడి పోయి, పాకముతో విందు చేసికొనుట ఒక పండుగ. ఆంగ్ల సముద్రము నడుమ ఫ్రెంచి భాషను కాపాడుకొనిన ఆ జనులకు కబాన్ ఆ సుక్ర్ అను ఆ యింటి పేరే తమ తనమునకు గుర్తు.

1860 ప్రాంతమున అమెరికాలో మేపుల్ చక్కెర ఉత్పత్తి సుమారు 4 కోట్ల పౌన్లు. అటుపిమ్మట చెఱకు, బీటు చక్కెరల ధర పడిపోగా మేపుల్ చక్కెరకు గిరాకి తగ్గినది. రైతులు చక్కెరను విడిచి పాకమువైపు తిరిగిరి. నిత్యావసరమైన వస్తువు విలాసవస్తువైనది. 1959లో వెర్మాంట్‌కు చెందిన నెల్సన్ గ్రిగ్స్ ప్లాస్టిక్ గొట్టముల పద్ధతికి హక్కుపత్రము పొందెను. చెట్టుచెట్టుకు బాల్చీ తగిలించి, మంచులో గుఱ్ఱపు బండితో రసము మోయు బాధ తప్పి, రసము గొట్టముల వెంట తానే దిగువనున్న తొట్టికి చేరుట వచ్చినది. తరువాత పంపులతో రసమును లాగుటయు, 1970 తరువాత సూక్ష్మపు పొరలగుండ నీటిని ముందే కొంత వేరుచేసి కట్టెలు ఆదా చేయుటయు వాడుకలోనికి వచ్చినవి.

పనిముట్లు మారినను పాకపు శాస్త్రము మారలేదు. నీరు మరుగు వేడికంటె సుమారు 4 సెంటీగ్రేడు డిగ్రీలు పైకి పోయినపుడు పాకము దింపవలెను. అప్పటికి నూటికి 66 పాళ్లు చక్కెర యగును. ముందు దింపినచో పులియును, ఆలసించినచో అడుగున పలుకులు కట్టును. పొంగు వచ్చినపుడు వెన్నయో మీగడయో ఒక చుక్క వేసినచో అణగును. మన బెల్లపు వంటవారు పాకమును గరిటెనుండి జార్చి పదును చూచినట్లే అక్కడివారును తెడ్డు అంచున పాకము రేకుగా జారుటను చూచి దింపెడివారు. పంచదార నీటిలో లేని రంగును, వాసనను ఈ పాకమునకు ఇచ్చునది చాలవరకు ఆ కాచుటయే. ఋతువు మొదట దిగిన పాకము బంగారువన్నె. పోనుపోను వన్నె ముదిరి రుచి ఘాటగును. ఈ వన్నెలనుబట్టియే అంగడిలో నాలుగు తరగతులుగా అమ్ముచున్నారు.

నేడు లోకమందలి మేపుల్ పాకమున సుమారు 70 పాళ్లు ఒక్క క్యుబెక్ రాష్ట్రమునందే తయారగును. అమెరికాలో వెర్మాంట్ ముందున్నది. ఋతువు బాగులేని యేటి కొరతను తీర్చుటకు క్యుబెక్ ఉత్పత్తిదారుల సమాఖ్య 2000లో నిలువ కొట్లను ఏర్పరచినది. ఒక అద్దె గోదామునుండి 2011–12లో సుమారు 3,000 టన్నుల పాకము దొంగల పాలగుటయు, పీపాలలో నీరు నింపియుండుట బయటపడుటయు అప్పట్లో దేశదేశముల వార్త యైనది. చలికాలములు వెచ్చబడుటతో రసపు ఋతువు ముందునకు జరుగుట నేటి రైతుల చింత.

తిరిగి తోటకు

ఈ విస్తరణలో ఆదిమజాతుల తోటలేమైనవి? అడవి పోవుట ఒక దెబ్బ. భాష పోవుట రెండవ దెబ్బ. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ పాఠశాల వెలసినది; అమెరికాలోను కెనడాలోను ఆదిమజాతి పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేసి దూరపు వసతిబడులలో ఉంచు పద్ధతి ప్రబలినది. అక్కడ మాతృభాష పలికినవారికి దండన. తోటకు పోవలసిన వసంతమాసములలో బిడ్డలు బడి గోడల నడుమ నుండిరి. ద్రవమును వేడిచేత ఇంకించుట యను క్రియాపదమును బానచెంత నిలిచి వినవలసిన చెవులు దానిని వినకయే పెరిగినవి. కెనడాలో అట్టి బడులలో చివరివి 1990 దశకమున మూతపడినవి. 2008 జూన్ 11న ఆ దేశ ప్రధాని పార్లమెంటున క్షమాపణ చెప్పెను.

అయినను తోటకు పోవుట మానని కుటుంబములు కొన్ని మిగిలినవి. హక్కుల విషయము 1974లో మరల లేచినది. విస్కాన్సిన్ రాష్ట్రమున లాకూదరే ఒజిబ్వే సమూహమునకు చెందిన ఇద్దరు తమకు కేటాయించిన నేలకు వెలుపల చేపలు పట్టినందుకు నిర్బంధింపబడిరి. ఆ వ్యాజ్యమున 1983లో అప్పీలు న్యాయస్థానము 1837, 1842 సంధుల హక్కులు చెల్లునని తీర్పు చెప్పెను. 1987లో జిల్లా న్యాయస్థానము, సంధికాలమున ఆ జనులు వాడుకొనిన జంతువులు, చేపలు, మొక్కలు మొదలగు వానియన్నింటికిని ఆ హక్కు వర్తించునని వివరించెను. సంధిపత్రమున పేరు లేని మేపుల్ అట్లు హక్కులోనికి వచ్చినది. 1999లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము మిన్నెసోటాకు చెందిన మిల్ లాక్స్ సమూహపు వ్యాజ్యమున అదే 1837 సంధి హక్కులను స్థిరపరచినది. దుబాసీల చేత తడబడిన మాట 162 ఏండ్లకు అర్థమైనది.

హక్కు వచ్చినంత మాత్రమున విద్య రాదు. లాకూదరే సమూహమువారే ఇరువదియొకటవ శతాబ్దపు తొలి యేండ్లలో వాడూకొడాడింగ్ అను బడిని నెలకొల్పిరి. పరస్పరము సాయపడు చోటు అని ఆ పేరునకు అర్థము. అక్కడ పాఠములు ఒజిబ్వే భాషలోనే జరుగును. వసంతము రాగానే ఉపాధ్యాయులు పిల్లలను మేపుల్ తోటకు తీసికొనిపోవుదురు. రంధ్రము తొలుచుట, రసము మోయుట, కట్టెలు పేర్చుట, కాచుట అన్నియు ఆ భాషలోనే. రసము కొలుచుటలో లెక్కలు, కాచుటలో పదార్థశాస్త్రము, వెనబోజో కథలో సాహిత్యము వచ్చును. నిఘంటువులో చూచి నేర్చినచో ఇస్కిగమిజిగె యను మాట పరీక్ష ముగిసినంతనే మరపునకు వచ్చును. పొగకు కన్నులు మండుచుండగా, తెడ్డు చేతబట్టి నేర్చిన పిల్లవానికి అది మరపునకు రాదు.

స్వస్థలమునకు దూరమై, ఇతర భాషల నడుమ తరతరములుగా బ్రతుకుచున్న తెలుగు కుటుంబములు ఎరిగిన సంగతియే యిది. బడిలో తెలుగు లేని యిండ్లలోను లేతపాకము, తీగపాకము, ముదురుపాకము అను మాటలు అరిసెలు వండునాడు వినబడుచునే యుండును. పని నిలిచినచోట మాట నిలిచినది. పని మారినచోట, మాటను పిల్లలకు అందించుటకు పెద్దలు తిరిగి పొయ్యి రగిల్పవలసియున్నది. లాకూదరేవారు అట్లు రగిల్చిరి. మేపుల్ పాకము పుట్టుకను గూర్చి తెలిసికొనగోరువారు లోకమునకు దానిని నేర్పిన జనుల పేరును, ఆ జనులు దానికి పెట్టిన పేరును గూడ తెలిసికొనుట న్యాయము.